మహమ్మారి రోజుల్లో గర్భిణి చెకప్‌లు: ఏవి ఫోన్లో అవుతాయి, ఏవి కావు

మీ ప్రశ్న ఇది: మీ చెల్లెలికి 22వ వారం. చుట్టుపక్కల వైరస్ కేసులు పెరుగుతున్నాయి. ఆస్పత్రికి వెళ్తే అక్కడే అంటుకుంటుందేమోనని ఇంట్లో భయం. కాన్పు దాకా చెకప్‌లన్నీ ఫోన్లో కానిచ్చేయొచ్చా? ఒకవేళ తనకే పాజిటివ్ వస్తే ఏం చేయాలి? పుట్టిన బిడ్డకు పాలివ్వొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. అన్నీ ఫోన్లో కుదరవు, కొన్ని కుదురుతాయి. బీపీ చూడటం, పొట్ట తడిమి చూడటం, రక్తం తీయడం, స్కాన్, టీకా, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు మనిషి వెళ్లాల్సిందే. మాట్లాడుకుంటే సరిపోయే రోజు ఫోన్ చాలు. పాజిటివ్ వచ్చినా చాలామందికి ఇంట్లోనే తగ్గిపోతుంది. కాకపోతే మామూలు వాళ్ల కంటే గర్భిణి కాస్త ముందుగానే ఆస్పత్రికి బయల్దేరాలి. పాలు ఇవ్వొచ్చు, మానిపించకూడదు.

మహమ్మారిలో గర్భిణికి ముప్పు రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది వైరస్. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి ఊపిరితిత్తులను కింది నుంచి పైకి నెడుతుంది, అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. అందుకే ఊపిరితిత్తులను పట్టే జబ్బు ఏదైనా గర్భిణుల్లో త్వరగా ముదురుతుంది. 1918 ఫ్లూలో అదే జరిగింది. 2009 హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) సమయంలో అమెరికా జనాభాలో గర్భిణులు దాదాపు 1 శాతమే, మరణాల్లో మాత్రం దాదాపు 5 శాతం. కొవిడ్‌లో కూడా ఐసీయూ అవసరం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ కడుపులోనే పోవడం పాజిటివ్ వచ్చిన గర్భిణుల్లో ఎక్కువగా కనిపించాయి. చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్లకు, టీకా వేయించుకోనివాళ్లకు, బీపీ, షుగర్, అధిక బరువు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

రెండోది వైరస్‌తో సంబంధం లేనిది. ఆస్పత్రికి రాకపోవడం వల్ల బీపీ దొరక్కపోవడం, రక్తహీనత తెలియకపోవడం, బిడ్డ ఎదగట్లేదని ఎవరూ గమనించకపోవడం. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు భయంతో ఆస్పత్రి కాన్పులు తగ్గిపోయాయి, ఎబోలా సోకని తల్లులూ బిడ్డలూ కూడా చనిపోయారు. కొవిడ్ మొదటి ఏడాది అనేక దేశాల లెక్కలు కలిపి 2021లో వెలువడ్డ విశ్లేషణలో తల్లుల మరణాలు, మృత శిశు జననాలు పెరిగినట్టు తేలింది. నా దృష్టిలో ఇళ్లల్లో తక్కువ అంచనా వేసేది ఈ రెండో ముప్పునే.

ఏ వారంలో ఏది తప్పదు

మామూలు రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 సార్లు చూపించుకోమంటుంది: 12 వారాల లోపు ఒకసారి, తర్వాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాల్లో. కొవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల కళాశాల కూడా నేరుగా చూడటం 6 సార్ల కంటే తగ్గకూడదనే చెప్పింది. ఎంత తగ్గించినా అంతకంటే కిందికి దిగలేదని గుర్తుపెట్టుకోండి.

మీ చెల్లెలి విషయానికొస్తే, అవయవాల లోపాలు చూసే స్కాన్‌కు సరైన సమయం 18 నుంచి 22 వారాలు. అది ఇంకా కాకపోతే మిగతావన్నీ పక్కనపెట్టి ఈ వారమే చేయించండి. ఆలస్యమైతే బిడ్డ పెద్దదై కొన్ని భాగాలు సరిగా కనిపించవు. ఏదైనా తేలినా నిర్ణయానికి వ్యవధి ఉండదు.

24–28 వారాల మధ్య షుగర్ పరీక్ష. గ్లూకోజ్ తాగి రెండు గంటలు కూర్చోవాలి కాబట్టి జనం మధ్య అంతసేపు వద్దనుకుని కేసులు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కొన్నిచోట్ల పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) మాత్రమే చూశారు. ఈ దారిలో తక్కువ స్థాయి షుగర్ కేసులు కొన్ని తప్పించుకుంటాయి. కుటుంబంలో షుగర్ ఉన్నా, బరువు ఎక్కువున్నా పూర్తి పరీక్షే అడగండి. గ్లూకోజ్ తాగాక ఆ రెండు గంటలూ ఆరుబయటో, గాలి ఆడే చోటో కూర్చుని రక్తం ఇచ్చే సమయానికి లోపలికి వెళ్లొచ్చు. ఎక్కువ నడవకూడదు, ఏమీ తినకూడదు.

28వ వారం చుట్టూ హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలి. చెల్లెలి రక్తం నెగటివ్ గ్రూపు, బిడ్డ తండ్రిది పాజిటివ్ అయితే యాంటీ-డి ఇంజక్షన్ (బిడ్డ రక్తానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారవకుండా ఆపేది) కూడా అప్పుడే. దీన్ని వాయిదా వేస్తే నష్టం ఈ బిడ్డ కంటే తర్వాతి బిడ్డకు ఎక్కువ, అందుకే చాలామంది మరిచిపోతారు. కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి ఇచ్చే టీకా 27–36 వారాల మధ్య వేస్తారు. ఈ మూడూ ఒకే రోజు పెట్టించుకుంటే ఒక ప్రయాణంతో సరి.

30–32 వారాల చెకప్ ఫోన్లో అవుతుంది, ఇంట్లో బీపీ మిషన్ ఉంటే. 34–36 మధ్య నేరుగా వెళ్లాలి. బిడ్డ తల కిందికి ఉందా, ఎదుగుదల ఎలా ఉంది, హిమోగ్లోబిన్ ఎంత, కాన్పు ఎక్కడ, ఇవన్నీ తేలేది అప్పుడే. 36 దాటాక ఫోన్ చెకప్‌లు వద్దు.

కవలలు, గతంలో గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్లగల జబ్బు), ఇప్పుడు బీపీ లేదా షుగర్, బిడ్డ ఎదుగుదల తక్కువ, మాయ కిందికి ఉండటం, థైరాయిడ్, గుండె, కిడ్నీ సమస్యలు, ఇందులో ఏది ఉన్నా పై లెక్క వర్తించదు. వాళ్లకు చూసే డాక్టరు చెప్పిన షెడ్యూలే.

వెళ్లిన రోజు లోపల గడిపే సమయం తగ్గించుకోవడం మన చేతిలో ఉంది. మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. స్కాన్, రక్తం, డాక్టరు మూడూ ఒకే పూట ఉండేలా ముందే ఫోన్ చేసి అడగండి. పిలిచేదాకా బయటే ఉండండి. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు గర్భిణికి ఇబ్బందేమీ కాదు, బిడ్డకు ఆక్సిజన్ తగ్గదు. వదులుగా పెట్టుకుని మాటిమాటికీ సర్దుకుంటే మాత్రం పెట్టుకున్న ఫలితం దక్కదు.

ఇంట్లో బీపీ: ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి

ఫోన్ చెకప్ మొత్తం ఈ ఒక్క అంకె మీద నిలబడుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నా.

మిషన్ భుజానికి దిగువన, పై చేతికి కట్టేదై ఉండాలి, మణికట్టు మిషన్లు వద్దు. కొనేటప్పుడు గర్భిణుల్లో పరీక్షించి సరిచూసిన మోడలేనా అని అడగండి. మామూలు వాళ్లలో బాగా పనిచేసే కొన్ని మిషన్లు గుర్రపువాతంలో బీపీని తక్కువగా చూపిస్తాయి. పై చేతి మధ్యలో చుట్టుకొలత టేపుతో కొలవండి. 22–32 సెంటీమీటర్లయితే మామూలు కఫ్ సరిపోతుంది, అంతకు మించితే పెద్ద కఫ్ కావాలి. చిన్న కఫ్ బిగించి కడితే లేని బీపీ కనిపిస్తుంది, మరీ పెద్దదైతే ఉన్న బీపీ దాక్కుంటుంది.

ముందు అరగంట కాఫీ, టీ వద్దు. మూత్రానికి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేతిని బల్ల మీద పెట్టి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. బట్ట మీద కఫ్ కట్టకూడదు. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలిచి రెండు అంకెలూ రాయాలి. రెండింట్లో తక్కువదే డాక్టరుకు చెప్పడం, 138ని 130 అని గుండ్రం చేయడం చాలా ఇళ్లల్లో జరిగేదే. డాక్టరు మందు మార్చేది ఆ అంకె చూసే కదా. మొదటిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు మీ మిషన్ తీసుకెళ్లి అక్కడి మిషన్‌తో పోల్చి చూసుకోండి.

ఏ సమస్యా లేనివాళ్లు వారానికి ఒకసారి, ఫోన్ చెకప్ రోజున ఒకసారి చూసుకుంటే చాలు. 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పై అంకె, కింది అంకెల్లో ఏ ఒక్కటి దాటినా దాటినట్టే లెక్క. రెండోసారీ అలాగే ఉంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. 160/110 తాకితే ఫోన్లో చర్చలు పెట్టుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి. ఆ స్థాయిలో ఫిట్స్, మెదడులో రక్తస్రావం ప్రమాదం ఉంటుంది.

బీపీ బాగానే ఉన్నా కింది వాటిని వదిలేయకండి: తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా వాయడం, నెలలు ముదిరాక కొత్తగా మొదలైన వాంతులు. నొప్పి, వాంతులను గ్యాస్ అనుకుని రెండు రోజులు మందులు మింగి కూర్చోవడం వల్ల కేసులు ముదురుతాయి.

బిడ్డ కదలికలు

28 వారాల తర్వాత ప్రతి బిడ్డకూ తనదైన తీరు ఒకటి ఏర్పడుతుంది. ఇన్నిసార్లు కదలాలన్న ఒకే లెక్క అందరికీ సరిపోదు, తన బిడ్డ రోజూ కదిలే తీరు మారిందా అన్నదే చూడాలి. తగ్గినట్టు అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని, టీవీ, ఫోన్ పక్కనపెట్టి రెండు గంటలు గమనించాలి. ఆ రెండు గంటల్లో 10 కదలికలు లేకపోతే, లేదా లెక్క సరిపోయినా మనసు ఒప్పుకోకపోతే, అదే రోజు, రాత్రయినా సరే, వెళ్లి చూపించుకోవాలి. తెల్లారేదాకా ఆగొద్దు. నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గిపోతాయన్న మాట నిజం కాదు.

ఇంట్లో గుండె చప్పుడు వినే డాప్లర్ పరికరాలు కొనకండి. తల్లి నాడి చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో విని బిడ్డ బాగుందనుకుని ఆగిపోతారు.

టీకా

కొవిడ్, ఫ్లూ టీకాలు గర్భంలో ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఫ్లూది ముక్కులో కొట్టేది కాకుండా ఇంజక్షన్ రకమే తీసుకోవాలి. తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి మొదటి నెలల్లో కాపాడతాయి. ఆ వయసులో బిడ్డకు నేరుగా వేసే టీకా లేదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. గర్భంలో వేయకూడనివి తట్టు, రుబెల్లా లాంటి బతికున్న వైరస్ టీకాలు. టీకా తర్వాత జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోవచ్చు.

పాజిటివ్ వస్తే

ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పండి. ఎన్నో వారం, బీపీ, షుగర్ ఉన్నాయా, ఏ మందులు వాడుతోంది, ఇవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. వేరే గది, కిటికీలు తెరిచి ఉంచడం మామూలే.

జ్వరానికి పారాసిటమాల్ 500 నుంచి 1000 మి.గ్రా., 6 గంటలకోసారి, 24 గంటల్లో 4 గ్రాములు దాటకుండా. బరువు 50 కిలోల లోపుంటే మోతాదు డాక్టరు తగ్గిస్తారు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ కలిపి మింగితే మోతాదు దాటిపోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. 20 వారాల తర్వాత అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి, ఇంకా ముందుకెళ్తే బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. గోరు రంగు తీసేయాలి, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, వేలికి పెట్టాక అంకె నిలకడగా ఉండేదాకా ఒక నిమిషం ఆగాలి. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఇది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు, అందువల్ల అంకె ఒక్కటే నమ్ముకుని కూర్చోకండి. గర్భిణికి 95 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. వేలు మార్చి చూసినా 95 కంటే తక్కువే వస్తే వెంటనే ఫోన్ చేయాలి, 92కి దిగితే అంబులెన్స్. మామూలు మనిషికి 94 అంటే ఫర్వాలేదని ఇంకో రోజు చూస్తారేమో. గర్భిణికి అలా కుదరదు, బిడ్డకు అందేది తల్లి రక్తంలో ఉన్న ఆక్సిజనే.

ఆయాసం గర్భంలో ఎలాగూ ఉంటుంది కదా, తేడా ఎలా తెలియాలి? గర్భం వల్ల వచ్చే ఆయాసం వారాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, మెట్లెక్కితే వస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది, వాక్యం పూర్తిగా మాట్లాడగలరు. జబ్బు ఆయాసం గంటల్లోనో రెండు రోజుల్లోనో పెరుగుతుంది, ఊరికే కూర్చున్నా ఉంటుంది. ఊపిరి ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. విశ్రాంతిలో 20 దాటి పెరుగుతూ పోతుంటే ఫోన్, 30 అయితే ఆస్పత్రి. కొవిడ్‌లో ముదిరేది ఎక్కువగా లక్షణాలు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య. మూడో రోజు జ్వరం తగ్గిందని కొలవడం ఆపేయకండి.

ఇంట్లో స్టెరాయిడ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు. 2020లో వచ్చిన బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితాల్లో ఆక్సిజన్ అవసరమైన వాళ్లకే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మేలు చేసింది, అవసరం లేని వాళ్లకు మేలు కనిపించలేదు. గర్భిణికి అవసరమైతే చాలామంది డాక్టర్లు ప్రెడ్నిసొలోన్ లేదా హైడ్రోకార్టిసోన్ వైపు మొగ్గుతారు, అవి మాయ దాటి బిడ్డకు చేరేది తక్కువ. కొవిడ్‌కు వాడే యాంటీవైరల్ మందు మోల్నుపిరవిర్ గర్భిణికి ఇవ్వరు. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 5 రోజులు, 48 గంటల్లోపు మొదలుపెడితే మంచి ఫలితం. ఇది డాక్టరు రాస్తేనే, గర్భిణి అని రాయకుండా ఆపే మందు మాత్రం కాదు.

గర్భంలో రక్తం గడ్డకట్టే స్వభావం ముందే ఎక్కువ, ఇన్ఫెక్షన్‌తో ఇంకా పెరుగుతుంది. గదిలోనే అయినా గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి. ఆస్పత్రిలో చేరితే హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు, అవి మాయ దాటవు. ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా వెంటనే చూపించాలి. గుర్రపువాతం రాకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడుతుంటే అడక్కుండా ఆపొద్దు.

ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్, వద్దనకండి. ఛాతీ సీటీలో బిడ్డకు చేరే రేడియేషన్ సాధారణంగా 1 మిల్లీగ్రే లోపే, హాని గురించి ఆలోచించే స్థాయి 50 మిల్లీగ్రే.

బిడ్డకు ఏమవుతుందన్న ప్రశ్నకు: మాయ దాటి వైరస్ సోకడం అరుదు. కొవిడ్ వల్ల అవయవ లోపాలు వస్తాయని తేలలేదు. అరుదుగా వైరస్ మాయనే దెబ్బతీస్తుంది, అందుకే పాజిటివ్ ఉన్న రోజుల్లో కదలికల లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఐసొలేషన్ పూర్తయ్యేదాకా మామూలు చెకప్ వాయిదా వేయొచ్చు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, నొప్పులు, కదలికలు తగ్గడం, బీపీ పెరగడం, వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు. ముందు ఫోన్ చేసి పాజిటివ్ అని చెప్పి బయల్దేరండి.

కాన్పు, పాలు

పాజిటివ్ అయినంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. తల్లి ఊపిరి తీసుకోలేని స్థితిలో ఉన్నా, మామూలుగా సిజేరియన్‌కు ఉండే కారణాలున్నా తప్ప. వెన్నులో ఇచ్చే నొప్పి మందు తీసుకోవచ్చు. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించడం కూడా మానక్కర్లేదు. తోడుగా ఒక మనిషి ఉండనివ్వాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, మీ ఆస్పత్రి నియమం ఏమిటో ఇప్పుడే కనుక్కోండి.

ఇంకో ప్రశ్న కూడా ఇప్పుడే అడగాలి, ఎవరికీ తట్టదు. ఆ ఆస్పత్రిని వైరస్ రోగులకే కేటాయిస్తే కాన్పు ఎక్కడ? రెండో చోటు పేరు, రాత్రిపూట నడిపే బండి, రాకపోకల మీద ఆంక్షలుంటే కావాల్సిన అనుమతి ముందే చూసుకోండి. రిపోర్టులన్నీ ఫొటో తీసి రెండు ఫోన్లలో ఉంచండి.

2020 ఏప్రిల్‌లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం పాజిటివ్ తల్లి నుంచి బిడ్డను తాత్కాలికంగా వేరుచేయమంది, జూలైలో మార్చుకుంది. తల్లీ బిడ్డా ఒకే గదిలో ఉండొచ్చు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలివ్వాలి. పాలిచ్చే సమయం కాకపోతే బిడ్డ మంచం కాస్త దూరంగా, వీలైతే 2 మీటర్ల ఎడంలో ఉంచితే చాలు. బిడ్డ ముఖానికి మాస్కు ఎప్పుడూ పెట్టకూడదు, ఊపిరాడదు. తల్లికి లేచే ఓపిక లేకపోతే పాలు పిండి, ఆరోగ్యంగా ఉన్న మరొకరు శుభ్రమైన కప్పుతో పట్టొచ్చు. పిండడం ఆపేస్తే పాలు తగ్గిపోతాయి, అందుకే జ్వరంలో కూడా పగలు 2–3 గంటలకోసారి, రాత్రి కనీసం ఒకసారి పిండాలి.

కాన్పు తర్వాత వారాలు

కేసులు ఎక్కువగా ఉన్నప్పుడు ఆస్పత్రులు త్వరగా ఇంటికి పంపేస్తాయి. బీపీ కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య బాగా పెరుగుతుంది, గర్భంలో ఎప్పుడూ లేనివాళ్లకు కూడా. మిషన్ అప్పుడే బీరువాలో పెట్టేయకండి. ఆ వారం రోజూ కొలవండి, 140/90, 160/110 గీతలు ఇక్కడా అవే. ఒక గంటలోనే ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, దుర్వాసన, ఆయాసం, ఇవి ఇంట్లో చూసుకునేవి కావు. జ్వరం వస్తే వైరస్ పరీక్ష చేసి నెగటివ్ వచ్చిందని వదిలేయకూడదు. గర్భసంచి, కుట్లు, రొమ్ము, మూత్రం, ఏ ఇన్ఫెక్షనైనా కావచ్చు.

రెండు వారాలు దాటాక కూడా ఏడుపు, బిడ్డ మీద ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం ఉంటే ఎడిన్‌బరో ప్రశ్నావళి (కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూసేది) అడిగి నింపించండి. 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు, 13 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మానసిక వైద్యులను కలవాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పని లేదు, ఆ రోజే డాక్టరుతో మాట్లాడించాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు. ఈ మాటలు చాలావరకు ఫోన్లోనే కుదురుతాయి. పక్కన ఎవరూ వినకుండా మాట్లాడే చోటు తనకు ఇవ్వండి.

మీ చెల్లెలి రక్తం గ్రూపు, ఇప్పటిదాకా చూసిన బీపీ అంకెలు, స్కాన్ అయిందో లేదో రాస్తే తర్వాతి చెకప్ ఏ వారం పెట్టుకోవాలో చెప్తాను.